పుట్టింటి త్రోవకు తగిన బండి

కరీంనగరమునుండి ఆదిలాబాదునకు పోవు త్రోవ మాకు క్రొత్తది కాదు. పెండ్లియై అత్తవారింటికి వచ్చిన నాటినుండి పదునాలుగేండ్లుగా ఆ త్రోవను మేము బస్సు కిటికీలోనుండి చూచుచునే యున్నాము. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూరు, నిర్మల్, ఇచ్చోడ, ఈ యూళ్లలో ఏ బస్సుస్టాండున మంచినీళ్లు దొరకునో, ఎచ్చట చంటిబిడ్డను ఎత్తుకొని నిలుచుటకు నీడ యుండునో మాకు కంఠస్థము. దూరము రెండువందల కిలోమీటర్లకు మించును. రైలుపట్టాలు నిజామాబాదు, ముద్ఖేడుల మీదుగా చుట్టు తిరిగిపోవును గావున మా వంటివారికి బస్సే గతి. బస్సును నిందించుట మా యుద్దేశము గాదు. 1932లో నిజాము ప్రభుత్వపు రైల్వేశాఖవారు 27 బస్సులతో ప్రారంభించిన యేర్పాటే కదా నేడు మన ఆడువారిని ఒంటరిగా పుట్టింటికి చేర్చుచున్నది! కాని బస్సునకు దాని వేళ దానికున్నది. ఆపదకు వేళ లేదు.

గత సంవత్సరము కార్తికమాసములో ఒకనాటి రాత్రి తొమ్మిదిగంటలకు ఆదిలాబాదునుండి మా పొరుగింటివారు ఫోను చేసిరి. తండ్రిగారు పెరటిగచ్చుపై కాలుజారి పడిరి, తుంటియెముక విరిగినది, ఆసుపత్రికి చేర్చితిమి, మీరు రావలయునని దాని సారాంశము. మా తల్లిగారు గతించి ఆరేండ్లయినది. మాకు తోబుట్టువులు లేరు. ఇంటనున్నది మావారి మోటారుసైకిలు ఒక్కటే. కిరాయిబండికై మావారు ఆ రాత్రి నలుగురిని అడిగిరి. ఇద్దరు ఫోను ఎత్తలేదు. ఒకరు చెప్పిన వెల వినుటకే భయమైనది. నాలుగవవారు తెల్లవారనిండు చూతమనిరి. తెల్లవారుజామున మొదటి బస్సెక్కి, ఆర్మూరులో మారి, మేము ఆసుపత్రి చేరునప్పటికి మధ్యాహ్నము దాటినది. అప్పటికే తండ్రిగారిని శస్త్రచికిత్సకై లోనికి తీసికొనిపోయిరి. కాగితముపై సంతకము పొరుగింటివారే చేసిరి. సాయంకాలము తెలివివచ్చిన పిమ్మట ఆయన మమ్ము చూచి, "ఆలస్యమైతే ఏమాయె బిడ్డా, వచ్చినవు గద" అనిరి. ఆ మాటలో నిష్ఠురము లేదు. ఉండినచో మాకు అంత బాధ కలుగకపోయెడిది.

ఇంటికి తిరిగివచ్చిన పిమ్మట మావారితో ఒక్కమాట చెప్పితిమి: "బండి కొందము. మేమే నడుపుదుము." మావారు ప్రభుత్వపాఠశాలలో గణితోపాధ్యాయులు. అరువదిమంది పిల్లల యెదుట వెరువని ఆ మనుష్యునకు స్టీరింగు చక్రము ముందు కూర్చుండినచో చేతులు చెమర్చును. పదేండ్ల క్రిందట ఒకసారి నేర్చుకొనబోయి, గోడకు తగిలించి, మరల ఆ జోలికి పోలేదు. కావున ఆయన నవ్వలేదు. కాగితము తీసి, చిట్టీపాట సొమ్మెంత, బ్యాంకు అప్పెంత, నెలనెలకు కట్టవలసినదెంత యని లెక్కవేసి, ఎనిమిది లక్షల లోపున ఏదైనను సరేయనిరి.

ఆ మాట బయటికి పొక్కినదో లేదో, సలహాలు వరదవలె వచ్చిపడినవి. మా మరిది, "వదినా, కొంటే ఎత్తైన పెద్దబండే కొనుండ్రి, నలుగుట్ల నిలబెడితే మర్యాద ఉండాలె" అనెను. మావారి తోటి ఉపాధ్యాయులు మైలేజీయే సర్వస్వమనిరి. అత్తగారు, "నాకు మోకాళ్ల నొప్పులు బిడ్డా, ఎక్కెతట్టు, దిగెతట్టు ఉంటే సాలు" అనిరి. పదునొకండేండ్ల మా కుమారునకు వడి తప్ప మరియొక గుణము గుణముగా తోచదు. అందరును అన్నియు చెప్పిరి గాని, నడపబోవు మాకు ఏది యిష్టమని ఎవ్వరు నడుగలేదు. మేమును చెప్పలేదు. చెప్పుటకు సిగ్గైనది. ఎందుకనగా అప్పటికే మేము నేర్చుకొన మొదలిడితిమి, మరియు అది మాకు మిక్కిలి సంతోషము కలిగించుచుండెను.

నేర్చుకొనుట గూర్చి కొంచెము వ్రాసెదము; మీలో ఎవరికైన అక్కఱకు రావచ్చును. మొదట అభ్యాసకుల లైసెన్సు తీసికొనవలెను. అది ఆరునెలలు చెల్లును. తీసికొన్న ముప్పది దినములు గడచినగాని పక్కా లైసెన్సునకు పరీక్ష యీయరాదు. మాకు నేర్పినవాడు ఇరువదియైదేండ్ల పిల్లవాడు, ఓపిక గలవాడు. "మేడం, క్లచ్చు మెల్లగ ఇడువుండ్రి, పాలమీద మీగడ తీసినట్టు" అని వాడు చెప్పిన మాట ఏ పుస్తకమునను దొరకదు. మొదటి పదిదినములు బండి కప్పవలె గెంతెను. పిమ్మట ఒకనాటి ఉదయము మానేరు డ్యాము వైపు పోవు వెడల్పు త్రోవలో, రెండవ గేరునుండి మూడవదానికి మార్చుచుండగా, చేయియు కాలును ఒక్కసారిగా కలిసి పనిచేసినవి. బండి మెత్తగా సాగిపోయెను. వీణ నేర్చుకొనువారికి తొలిసారి సరళీస్వరములు తడబడక పలికినపుడు కలుగు సంతోషము వంటిది అది. ఆనాడు ఇంటికి వచ్చి కూర తరుగుచున్నను మా యెడమచేయి గేరు మార్చుచునే యుండెను.

ఇల్లాలు బండి నడుపుటలో సుఖము కోరుట తప్పా? మా వీధిలో ఒకరి ఇంటిముందు పెద్దబండి యొకటి కలదు. అన్నివిధముల అనుకూలమైనదని కొనిరి. ఏడుగురు కూర్చుండవచ్చును. కాని ఆ ఇంటివారికి దానిని నడుపవలెననిన భయము. ఇరుకు వీధిలో మలుపుట ప్రయాస, నిలుపుటకు చోటు వెదకుట మరియొక ప్రయాస. ఆదివారము కూలికి డ్రైవరు వచ్చిననాడే అది కదలును. తక్కిన ఆరుదినములు గుడ్డ కప్పుకొని నిలుచును. పిల్లులు దానిపై నిద్రించును. దానిని చూచినప్పుడెల్ల మాకు ఒకటే తోచెడిది. ఆ రాత్రి మాకు కావలసినది తొమ్మిదిగంటలకు ఫోను వచ్చినచో తొమ్మిదింబావునకు వీధిలోనికి తీయగల బండి. అట్లు తీయవలెననిన ప్రతిదినము తీయుచుండవలెను. ప్రతిదినము తీయవలెననిన దానియందు మనసు పుట్టవలెను. మనసు పుట్టని బండిలో ఎన్ని సౌకర్యములున్నను అవి గుడ్డక్రిందనే యుండును. ఈ సంగతి తేటపడిన పిమ్మట మాకు సిగ్గు తగ్గినది. కొనబోవు బండి అక్కఱకు రావలెను, నడుపుటకు వేడుకగాను ఉండవలెనని ఇంటిలో చెప్పివేసితిమి.

పుట్టింటికి పోవుటకై బండి తీసిన మొదటి స్త్రీని మేమేమియు గాము. జర్మనీదేశమున కార్లు బెంజు అను నాయన మోటారుబండిని నిర్మించెను గాని, దానిని నమ్మి కొనువారు లేకపోయిరి. 1888 ఆగష్టునెలలో ఆయన భార్య బెర్తా, ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని, భర్తకు ముందుగా చెప్పకయే ఆ బండి తీసి, మాన్‌హైము నగరమునుండి తన తల్లి యున్న ప్ఫోర్ట్సుహైమునకు నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణముచేసెను. అంత దూరము మోటారుబండిపై అంతకుముందు ఎవరును పోయియుండలేదు. నడుమ ఇంధనము తక్కువైనపుడు వీస్లోఖు అను నూరిలో మందులయంగడిలో కొన్నది. గొట్టమునకు మురికి అడ్డుపడినపుడు టోపీకి గ్రుచ్చుకొను సూదితో దానిని తీసివేసినది. బ్రేకు అరిగిపోగా చెప్పులు కుట్టువానిచేత తోలుముక్క వేయించినది. ఎత్తులు ఎక్కునపుడు మాత్రము పిల్లలు దిగి నెట్టవలసివచ్చినది. ఇంటికి తిరిగివచ్చి, ఎత్తులెక్కుటకు మరియొక గేరు కావలెనని భర్తకు చెప్పినదట; ఆయన చేర్చెను. బండిని పరీక్షించుట యనిన ఇదియే కదా! అంగడి చుట్టు రెండు తిరుగుళ్లు తిరిగి బాగున్నదనుట పరీక్ష గాదు. తాను పోవలసిన త్రోవను, తన పిల్లలతో, తన మూటలతో పోయి చూడవలెను.

చిన్నబండి యనిన అక్కఱకే గాని వేడుకకు గాదను అభిప్రాయము మనలో చాలమందికి గలదు. 1959లో ఇంగ్లండున 'మినీ' యను బండి వచ్చువరకు అచ్చటను అట్లే యుండెను. దానిని రూపొందించినవారు అలెకు ఇసిగోనిసు. పొడవు పదియడుగులు మాత్రమే. అందులో నలుగురు కూర్చుండవలెను, సామాను పట్టవలెను. ఆయన ఇంజనును నిలువుగా గాక అడ్డముగా పెట్టి, ముందుచక్రములే బండిని లాగునట్లు చేసి, చక్రములను నాలుగు మూలలకు జరిపివేసెను. చోటు మిగులుటకై చేసిన ఈ యేర్పాటువలననే బండి మలుపులలో తూలక, నేలను కరచుకొని పోవునదయ్యెను. గృహస్థులకై చేసిన ఆ చిట్టిబండి 1964, 1965, 1967 సంవత్సరములలో మాంటెకార్లో పందెమున పెద్దపెద్ద బండ్లను గెలిచినది. ఇప్పటి మన చిన్నకార్లు అన్నియు దాదాపుగా ఆ యేర్పాటునే అనుసరించినవి. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 ఇట్టిదే. అంతకుముందు మనకు తెలిసినది అంబాసిడరు. ఇంజను ముందుండి వెనుకచక్రములు త్రిప్పు బరువైన బండి. మంచము వంటి సీట్లు, గానుగ వంటి స్టీరింగు. 2014లో ఆ రెండింటి తయారీయు ఆగిపోయినది. మా మేనమామగారికి మారుతి 800 ఉండెడిది. 796 సీసీల ఆ చిన్న ఇంజనుతోనే ఆయన మమ్ము ఆరుగురిని ఎక్కించుకొని బాసర తీసికొనిపోవుట మాకు జ్ఞాపకము. ఆరుగురిని ఎక్కించుట తప్పే. ఇప్పుడైన మేము ఎక్కనీయము.

ఇంతకును భారతములోని నలోపాఖ్యానము మాకు ఈ విషయమున మంచి పాఠము. మా తండ్రిగారు పెరటి జామచెట్టుక్రింద మాకు భారతము చెప్పిన దినములలో ఈ ఘట్టము వచ్చినపుడు పగలబడి నవ్వెడివారు. ఋతుపర్ణుడు ఒక్కదినములో విదర్భకు పోవలెను. బాహుకుని రూపములోనున్న నలుడు అశ్వశాలకు పోయి, బలిసి నిగనిగలాడు గుఱ్ఱములను విడిచి, బక్కచిక్కిన వానిని ఏరి తెచ్చెను. రాజు కోపించెను. నలుడు వినలేదు. తీరా రథము కదలిన పిమ్మట రాజు ఉత్తరీయము జారి పడెను; నిలుపుమనునంతలో అది యోజనదూరము వెనుకబడిపోయినది. అంగడిలో తళతళలాడుచు వరుసగా నిలిచిన బండ్లను చూచినపుడు మాకు ఆ అశ్వశాలయే గుర్తునకు వచ్చినది.

మేము నడిపి చూచినవి మూడు. వాని పేర్లు వ్రాయము. వ్రాసినచో ఒకటి ప్రకటన యగును, మరియొకటి నింద యగును.

మొదటిది మా మరిది మెచ్చిన యెత్తైన బండి, ఒకరు వాడినది. అత్తగారు దానిలోనికి ఎక్కుట ఎడ్లబండి యెక్కినట్లయినది. ముందు పట్టుకొమ్మ పట్టుకొని, పిమ్మట కాలెత్తి, నడుమ ఒకమారు "ఆంజనేయా" యని. మేము అయిదడుగుల మనుష్యులము. సీటు ఎంత ముందుకు జరిపినను క్లచ్చు అందీ అందకుండెను. బానెట్టు ముందు నాలుగడుగుల నేల కానరాకుండెను. పైగా, ఎత్తైన బండికి బరువు పైభాగమున నుండును గావున మలుపులో అది ప్రక్కకు ఒరగును. బిందె తలమీద పెట్టుకొని గబాలున మళ్లినచో ఏమగునో అదియే. మెల్లగా పోవువారికి దోషము లేదు. మాకు మాత్రము మెడ బిగుసుకొనిపోయినది.

రెండవది అన్నివిధముల బుద్ధిమంతమైనది. తలుపులు వెడల్పు. సీటు సరిగా మంచమంత యెత్తు. అత్తగారు కూర్చుండి కాళ్లు లోనికి తీసికొనిరి, అంతే. డిక్కీ పెద్దది. మేము ఇంటినుండి తండ్రిగారి వాకరు వంటి వాకరును, ఇరువదియైదుకిలోల బియ్యపుసంచిని తీసికొనిపోయి అందులో పెట్టి చూచితిమి. అంగడిలోని పిల్లవాండ్రు నవ్విరి, నవ్వనిండు. రెండును పట్టినవి. మైలేజీ యెక్కువ. కాని నడుపునపుడు స్టీరింగు మా చేతికి ఏమియు చెప్పదు; చక్రములు ఎటు తిరిగియున్నవో ఊహించుకొనవలెను. గేరుకఱ్ఱ పిండిలో గరిటె త్రిప్పినట్లుండెను. నలుగురము కూర్చుండగా గ్రానైటు బండలు మోయు లారీ నొకదానిని దాటబోతిమి. ఇంజను అరచినదే గాని బండి ముందుకు పోలేదు, వెనుకకు తగ్గితిమి. ఇంటికి వచ్చిన పిమ్మట మావారు ఎట్లున్నదని యడిగిరి. మంచిదేయంటిమి. మరల నడుపవలెననిపించినదా యని యడిగిరి. గణితమువారు చూడుడు, ప్రశ్న ఎచ్చట వేయవలెనో తెలియును.

మూడవది 1200 సీసీకి కొంచెము లోపుగా నుండు పెట్రోలు ఇంజను గల చిన్నబండి. బలము ఎనుబదిగుఱ్ఱములకు కొంచెము పైన, బరువు టన్నునకు లోపల. చూచుటకు రెండవదానికన్న పొట్టిది. చక్రము పట్టుకొని వీధిమొగము దాటకముందే మాకు తెలిసినది. త్రిప్పినంతనే తిరుగును, విడిచినంతనే సరియగును. త్రోవలోని గరుకు చేతికి కొంచెముగా తెలియును. గేరు ఒక్కవ్రేలి ఒత్తిడికి జారి తన చోట కూర్చుండును. తక్కువ వేగములోనే లాగును గావున మాటిమాటికి గేరు మార్చు పనిలేదు. నేలకును బండి కడుపునకును నడుమ 165 మిల్లీమీటర్లకు పైగా ఎడమున్నది. మన ఊళ్లలోని స్పీడుబ్రేకర్లకు అంతకు తగ్గినచో గీచుకొనును. దోషములు లేకపోలేదు. సీటు మంచముకన్న నాలుగంగుళములు క్రిందికున్నది. డిక్కీలో వాకరు ఐమూలగా పెట్టినగాని పట్టలేదు. అది పట్టిన పిమ్మట బియ్యపుసంచి సీటుక్రిందికి పోవలసినదే.

మైలేజీ రెండు కిలోమీటర్లు తక్కువ. ఈ మాటకు మావారి తోటివారు పెదవి విరిచిరి. మావారు కాగితముపై వేసిరి. ఏటికి ఎనిమిదివేల కిలోమీటర్లు తిరిగితిమనుకొందము. లీటరుకు ఇరువది వచ్చినచో 400 లీటర్లు, పదునెనిమిది వచ్చినచో 444 లీటర్లు. తేడా 44 లీటర్లు. లీటరు 107 రూపాయల చొప్పున ఏటికి నాలుగువేల ఏడువందలు, నెలకు నాలుగువందలు కూడ లేదు. "ఇంతకేనా నీవు సంతోషమును అమ్ముకొనుట?" అని ఆయన అనిరి. పెండ్లియైన పదునాలుగేండ్లలో లెక్కల కాగితము చూచి మాకు కన్నీరు వచ్చుట అదియే మొదలు.

బండి యొక్క గట్టిదనమును గూర్చి ఆడువారు అడుగవలెను. అంగడివారు రంగులు, పాటల పెట్టెలు చూపుదురే గాని దీనిని తమంతట చెప్పరు. బండిని గంటకు 64 కిలోమీటర్ల వేగముతో అడ్డమునకు కొట్టించి, లోని బొమ్మలకు ఎంత దెబ్బ తగిలినదో చూచి నక్షత్రములిచ్చు పద్ధతి యొకటి కలదు. 2020లో టాటా టియాగోకు నాలుగు, 2021లో టాటా పంచ్‌కు అయిదు నక్షత్రములు వచ్చినవి. మన దేశమున 2023 అక్టోబరు 1 నుండి 'భారత్ ఎన్‌క్యాప్' అను పేర ఈ పరీక్ష మొదలైనది. చిన్నబండియైనంతమాత్రమున రేకుడబ్బా గానక్కఱలేదని దీనివలన తెలియును. నడుపుటలో పేరుపొందిన ఫోర్డు ఫీగో, ఫోక్సువ్యాగను పోలోలను పాతవిగా కొనుమని చెప్పినవారును గలరు. మొదటిది 2021లో, రెండవది 2022లో మనదేశమున తయారగుట మానినవి. మా వంటి దూరపు జిల్లాలవారు ముందుగా విడిభాగముల సంగతి విచారించుకొనవలెనని విడిచితిమి.

కొండయెక్కించి చూడనిది నిశ్చయింపమని మేము పట్టుపట్టితిమి. అంగడివారు మొదట గొణిగి, పిమ్మట ఒప్పుకొనిరి. జగిత్యాల త్రోవలో గంగాధర దాటినపిమ్మట కొండగట్టు. ఆంజనేయస్వామి సన్నిధి. క్రొత్తబండ్లను పూజకు తీసికొనిపోవుట మన ప్రాంతమున ఆచారము. మేము కొనకమునుపే తీసికొనిపోయితిమి. ఎక్కుదారిలో ఒకచోట కావలెనని నిలిపి, చేతిబ్రేకు వేసి, మరల కదలించితిమి. వెనుకకు జారలేదు. దిగునపుడు రెండవ గేరులోనే యుంచి, బ్రేకుమీద భారము వేయక, ఇంజను పట్టుతోనే దిగితిమి. మాటిమాటికి బ్రేకు నొక్కినచో అది కాగి పట్టు విడుచును. పల్లమున ఏ గేరులో ఎక్కవలెనో ఆ గేరులోనే దిగవలెనని పెద్ద డ్రైవర్ల మాట. ఈ కొండదారిలోనే 2018 సెప్టెంబరు 11న బస్సు లోయలో పడి అరువదిమందికి పైగా మరణించిరి. ఆ మలుపులో మేము మాటలాడలేదు.

బండి కొనుట దసరాకు. అంతకు కొలదిదినముల ముందు, 2025 సెప్టెంబరు 22న, నాలుగు మీటర్లకు మించని పొడవు, 1200 సీసీకి మించని పెట్రోలు ఇంజను గల కార్లపై జీఎస్టీని ప్రభుత్వమువారు 18 శాతమునకు తగ్గించిరి. ఆగి కొన్నందుకు అత్తగారు దీనిని ఆంజనేయస్వామి ఖాతాలో వ్రాసిరి. మిగిలిన సొమ్ములో కొంత ఆమె సీటుపై మందమైన దిండుగా మారినది. నాలుగంగుళముల లోపము అట్లు తీరినది. సంఖ్యపలక మీద 'టీజీ 02' అని వచ్చినది. ఆదిలాబాదుది 'టీజీ 01'. పుట్టిల్లు ఒకటి, మెట్టినిల్లు రెండు!

కార్తికమాసము వచ్చినది. సంవత్సరము తిరిగినది. ఒక శనివారము తెల్లవారుజామున అయిదింటికి మేము, మావారు, పిల్లవాడు, అత్తగారు బయలుదేరితిమి. జగిత్యాలవరకు మంచు. త్రోవకు ఒకప్రక్కన రైతులు వడ్లు ఆరబోసి, అంచున రాళ్లు పేర్చియుండిరి. చీకటిలో ఆ రాళ్లు కనబడవు. తగిన దీపము, తగిన వేగము లేనివారికి ప్రమాదము. మావారు ముందుసీటులో కూర్చుండి "రాళ్లు, రాళ్లు" అని చదువుచుండిరి. కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతమున పసుపుచేలు నడుమెత్తు ఎదిగియుండెను. ఆర్మూరు దాటినంతనే 44వ సంఖ్య జాతీయరహదారి. శ్రీనగరమునుండి కన్యాకుమారికి పోవు త్రోవ యది. మా చిన్నతనమున దీని సంఖ్య 7. ఇచ్చట బండి తనంత తాను సంతోషించినట్లు తోచినది. గంటకు ఎనుబదికి మించి పోలేదు. మా కుమారుడు నూరు కోరెను. వానికి బిస్కత్తులు ఇచ్చితిమి.

సోన్ వంతెనవద్ద గోదావరి. ఒకప్రక్కగా నిలిపి దిగితిమి. బస్సులో నున్నపుడు ఈ వంతెన రెండు నిమిషములు. చిల్లరనాణెము వెదకునంతలో నది వెనుకకు పోయెడిది. ఈసారి తీరుబడిగా చూచితిమి. ఎగువన పోచంపాడువద్ద శ్రీరామసాగరము ఉన్నది. అచ్చటినుండి కాకతీయకాలువ వెంట వచ్చు నీరే మా కరీంనగరపు మానేరు డ్యామును నింపునది. పుట్టింటి నీళ్లు మేము అత్తవారింట త్రాగుచున్నామన్నమాట! అత్తగారు ఈ మాట విని, "అయితే మా నీళ్లని ఇన్నొద్దులు చెప్పినమే" అని నవ్విరి.

నిర్మల్‌లో పొణికికఱ్ఱతో చేసిన బొమ్మలు కొంటిమి. మా కుమారునకు గాదు, తండ్రిగారి పొరుగింటి పిల్లలకు. ఆ సంతకమునకు మేము తీర్చలేని ఋణమున్నది. పిమ్మట వెడల్పైన క్రొత్త త్రోవను విడిచి పాత మహబూబు ఘాటు దారి పట్టితిమి. మావారు ఎందుకనిరి. ఊరక అంటిమి. టేకుచెట్ల నడుమ మలుపు వెంబడి మలుపు. రెండవ గేరు, మూడవ గేరు, మరల రెండు. మలుపునకు ముందే వేగము తగ్గించి, మలుపు నడుమ మెల్లగా త్రొక్కినచో బండి తాడుకట్టి లాగినట్లు వంపుతిరిగిపోవును. కోతులు గోడమీద కూర్చుండి చూచుచుండెను. అత్తగారు వాంతి చేసికొందురని భయపడితిమి. వెనుకకు చూచునప్పటికి ఆమె కిటికీ దించి, కొంగు గాలికి విడిచి, కోతులతో మాటలాడుచుండిరి. బస్సులో ఈ ఘాటులో ఆమెకు ఎన్నడును తల యెత్తుటకు కాలేదట.

పదునొకండు గంటలకు ఆదిలాబాదు చేరితిమి. తండ్రిగారు వాకరు పట్టుకొని గేటువద్ద నిలిచియుండిరి. బండి చుట్టు ఒకమారు తిరిగిరి. ఈ తిరుగుటకే ఆయనకు అయిదు నిమిషములు పట్టినది. "బక్కగున్నది" అనిరి. "బాహుకుని గుఱ్ఱము బాపూ" అంటిమి. ఆయన నవ్వు జామచెట్టునాటి నవ్వే.

ఏడాదిగా ఆసుపత్రికి తప్ప ఆయన ఇల్లు కదలలేదు. మఱునాడు ఎచ్చటికి పోవలెనని యడుగగా జైనథ్ అనిరి. ఆదిలాబాదునకు ఇరువది కిలోమీటర్ల దూరమున నున్న ఆ లక్ష్మీనారాయణస్వామి ఆలయమున కార్తికములో బ్రహ్మోత్సవములు. మా తల్లిగారితో ఆయన ఏటేట పోయెడివారు. దిండు తీసివేసి ముందుసీటును పూర్తిగా వెనుకకు జరిపితిమి. మొదట కూర్చుండి, పిమ్మట రెండుకాళ్లు కలిపి లోనికి తిరిగిరి. వైద్యులు చెప్పిన పద్ధతి యదియే. వాకరు ఐమూలగా డిక్కీలోనికి పోయినది. గుడిలో జనము ఎక్కువ. ఆయన మెట్లెక్కలేక ధ్వజస్తంభము కానవచ్చు చోట కూర్చుండి దండము పెట్టుకొనిరి. మా తల్లిగారి పేరు చెప్పి కొబ్బరికాయ కొట్టించితిమి.

తిరిగివచ్చునప్పటికి ప్రొద్దు వాలుచుండెను. రెండుప్రక్కల నల్లరేగడి, పగిలిన పత్తికాయలతో తెల్లనైన చేలు, త్రోవ ఖాళీ. ఆయన నిద్రించుచున్నారని తలచి మేము మెల్లగా పోనిచ్చుచుంటిమి. కొంతసేపటికి కన్నులు తెరవకయే,

"జర వడిగ పోనియ్యి బిడ్డా" అనిరి.

మేము నాల్గవ గేరు వేసితిమి.